బురదే కందకం... అదే బందరు కోట!

ఆదివారం వచ్చిందంటే కోట్‌పల్లి ప్రాజెక్టు గట్టు కిటకిటలాడుతుంది. కయాక్‌లు ఎక్కి తెడ్లు వేసేవాళ్లు, ఒడ్డున కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పుకునేవాళ్లు, నీళ్లలో కాళ్లు పెట్టి కేరింతలు కొట్టే పిల్లలు... వికారాబాద్ అడవి దాటి వచ్చిన వాళ్లందరికీ అదో చిన్న సముద్రం. మరి ఈ నీళ్లు చివరికి ఎక్కడికి చేరతాయి?

కోట్‌పల్లి వాగు కాగ్నాలో కలుస్తుంది. కాగ్నా భీమాలో, భీమా కృష్ణలో. పక్కనే ఉన్న అనంతగిరి కొండల్లో పుట్టే మూసీ మరో దారిన హైదరాబాద్ మీదుగా వెళ్లి చివరికి అదే కృష్ణలో కలుస్తుంది. అలా దారులు వేరైనా చేరేది ఒక్కచోటికే... హంసలదీవి దగ్గర బంగాళాఖాతానికి! ఆ తీరంలోనే, కాస్త ఉత్తరంగా ఉంది మచిలీపట్నం. ఆ ఊరి అంచున ఉంది బందరు కోట. ఆ ఊరికీ కోట్‌పల్లి ప్రాంతానికీ చుట్టరికం నీళ్లతోనే ఆగదు. గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీలకు సముద్రంలోకి తలుపు తెరిచింది బందరే.

ప్రయాణమూ కష్టం కాదు. బీదర్ నుంచి మచిలీపట్నం వెళ్లే ఎక్స్‌ప్రెస్ వికారాబాద్ మీదుగానే నడుస్తుంది. రాత్రికి బండెక్కితే తెల్లారేసరికి బందరులో ఉండొచ్చు. స్టేషన్ బయట ఆటో మాట్లాడుకుని గిలకలదిండి వైపు వెళ్తే చాలు.

అయితే ఒక్క హెచ్చరిక. గోల్కొండనో భువనగిరినో మనసులో పెట్టుకుని వెళితే నిరాశే. ఇక్కడ కొండ లేదు. మెట్లు లేవు. ఆకాశాన్నంటే బురుజులూ లేవు. మిగిలినవి గంట గోపురం, ఆయుధాగారం, మరికొన్ని పాత కట్టడాలు. చుట్టూ చదునైన ఉప్పునేల. ‘కోటేది నాన్నా?’ అని పిల్లలు అడగడం ఖాయం. జవాబు కథలో ఉంది.

తాండూరు వైపు ఎక్కడ తవ్వినా నాపరాయే. బందరులో మాత్రం ఎంత తవ్వినా మట్టే. కృష్ణమ్మ వేల ఏళ్లుగా మోసుకొచ్చి పోసిన ఒండ్రు అది. అందులో ఎగువ ప్రాంతాల నుంచి కొట్టుకొచ్చిన మట్టీ కలిసే ఉంటుంది. కొండ లేని చోట కోటకు కాపలా ఎవరు? ఒకవైపు సముద్రం, మిగతా వైపుల ఊబిలాంటి బురద!

కుతుబ్‌షాహీల కాలంలో ఈ రేవు నుంచి పర్షియాకు, ఎర్ర సముద్రం వైపు ఓడలు వెళ్లేవి. అద్దకం బట్టలకు విదేశాల్లో మంచి గిరాకీ. ఆ సరుకు కోసమే 17వ శతాబ్దం మొదట్లో డచ్చివాళ్లు వచ్చారు. 1611లో ‘గ్లోబ్’ అనే ఓడలో ఇంగ్లిషువాళ్లు దిగారు. 1669లో ఫ్రెంచివాళ్లూ కొట్టు తెరిచారు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. రాజులు మారినా రేవు మీద వర్తకుల కన్ను మాత్రం చెదరలేదు. 1750లో బందరు ఫ్రెంచివాళ్ల చేతికి చిక్కింది.

అసలు కథ 1759లో జరిగింది. ఆ ఏడాది మార్చిలో కల్నల్ ఫోర్డ్ నాయకత్వంలో ఇంగ్లిషు సేన కోటను ముట్టడించింది. విజయనగరం ఆనంద గజపతిరాజు వాళ్లకు తోడు. లోపల ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్. బయట ఉన్నవాళ్ల కంటే లోపల ఉన్నవాళ్లే ఎక్కువ. పైగా ఫ్రెంచివాళ్లకు సాయంగా నిజాం సలాబత్ జంగ్ సైన్యం కదిలి వస్తోంది. ఇంగ్లిషు శిబిరంలో మందుగుండు చూస్తే రెండు రోజులకు మించి లేదు. వెనక్కి పోయే దారి లేదు!

ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డ్ తెగించాడు. నైరుతి వైపు బురదను ఎవరూ దాటలేరని కోటలోని వాళ్ల ధీమా. కెప్టెన్ నాక్స్ దళం సరిగ్గా ఆ బురదలోంచే నడిచి వచ్చి కాల్పులు మొదలుపెట్టింది. కోటలో గందరగోళం రేగింది. అదే అదనుగా అసలు దాడి ఈశాన్యం వైపు నుంచి జరిగింది. తెల్లారేసరికి కోట ఇంగ్లిషువాళ్లది. లొంగిపోయిన వాళ్ల సంఖ్య గెలిచినవాళ్ల కంటే ఎక్కువ.

నెల తిరగ్గానే, మే నెలలో, సలాబత్ జంగ్ ఒప్పందం చేసుకున్నాడు. తీరం వెంబడి సుమారు 130 కిలోమీటర్లు, లోపలికి 32 కిలోమీటర్ల నేల ఇంగ్లిషువాళ్లకు దక్కింది. ఆపైన 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా, 1766లో నిజాంతో ఒడంబడిక... ఉత్తర సర్కారులన్నీ వాళ్లవైపు మళ్లాయి. కోస్తా తెలుగువాళ్లు దాదాపు రెండు వందల ఏళ్లు పరాయి పాలనలో ఉండటానికి దారి పడింది ఈ బురదలోంచే.

ఇక రెండో కాపలాదారు సముద్రం. 1864 నవంబరు 1 రాత్రి పెనుతుపాను వచ్చింది. ఉప్పెన కోటనూ ఊరినీ ముంచెత్తింది. సుమారు 30,000 మంది ప్రాణాలు పోయాయి. అన్నాళ్లూ ఓడలను తెచ్చి సిరులు కురిపించిన కడలే ఒక్క రాత్రిలో ఊరిని ఊడ్చేసింది. ఆ తర్వాత బందరు కోట పాత వైభవం చూడలేదు. నమ్ముకున్న నేలా, నీరూ రెండూ మోసం చేసిన కోట దేశంలో ఇంకెక్కడైనా ఉందా అనిపిస్తుంది ఈ కథ వింటే.

ఇప్పుడు మిగిలిన గోడల మీద ఉప్పుగాలి నిత్యం పనిచేస్తూనే ఉంటుంది. ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడమే. కానీ వచ్చే జనం తక్కువ. చాలామంది మంగినపూడి బీచ్‌లో తడిసి, బందరు లడ్డూ కొనుక్కుని తిరిగి బండెక్కేస్తారు. చూసేవాళ్లు లేని కట్టడాన్ని పట్టించుకునేవాళ్లూ తగ్గుతారు. మంగినపూడి వైపు 2023లో కొత్త ఓడరేవు పనులు మొదలయ్యాయి. పాత రేవు కథ చెప్పడానికి ఈ నాలుగు గోడలైనా నిలబడాలి కదా!

అందుకే వెళ్లినవాళ్లు కోటకు ఓ గంట కేటాయించాలి. ఉదయం పూట అయితే ఎండ బాధ ఉండదు. ఊళ్లోనే డచ్చివాళ్ల శ్మశానవాటిక ఉంది. వేల మైళ్ల అవతలి నుంచి వర్తకానికి వచ్చి, ఇక్కడి మట్టిలోనే కలిసిపోయిన వాళ్ల సమాధి రాళ్లు చూడొచ్చు. దగ్గర్లోని పెడనలో కలంకారీ అద్దకం ఇప్పటికీ సాగుతోంది. అలనాడు ఓడలను ఇక్కడికి రప్పించిన విద్య అదేనని పిల్లలకు చూపించి మరీ చెప్పొచ్చు.

తిరిగొచ్చాక ఏ ఆదివారమో కోట్‌పల్లి గట్టున కూర్చున్నప్పుడు, ఈ నీళ్లు ఎక్కడికి పోతాయని పిల్లలు అడగరు. వాళ్లే చెబుతారు.