చెట్టే స్టూడియో... ఊరే తారాగణం!

గోదారి గట్టు మీద ఓ చెట్టు. దాని నీడన ఎన్ని జంటలు పాటలు పాడుకున్నాయో, ఎందరు పెద్దమనుషులు తీర్పులు చెప్పారో... అంతా సినిమాల్లోనే! 2024లో ఆ చెట్టు నేలకొరిగితే ఓ చిన్న పల్లెతోపాటు తెలుగు ప్రేక్షకులూ అయ్యో అనుకున్నారు. ఇంతకీ ఏముందా ఊళ్లో?

జంగారెడ్డిగూడెం నుంచి కొయ్యలగూడెం మీదుగా కొవ్వూరు వైపు వస్తుంటే మెట్ట ప్రాంతపు పొగాకు చేలూ పామాయిల్ తోటలూ మెల్లగా వెనక్కి తప్పుకుంటాయి. గోదారి గాలి పలకరిస్తుంది. కొవ్వూరు దగ్గర ఏటిగట్టు పట్టుకుని కాస్త ఎగువకు వెళ్తే కుమారదేవం. అన్ని గోదారి పల్లెల్లాంటిదే. కానీ ‘సినిమా చెట్టున్న ఊరు’ అంటే చాలు, ఇట్టే గుర్తుపట్టేస్తారు.

అది నిద్రగన్నేరు చెట్టు. సాయంత్రమయ్యేసరికి ఆకులు ముడుచుకుంటుంది కాబట్టి ఆ పేరు. వయసు నూట యాభై ఏళ్లని చెబుతారు. గట్టు మీద గొడుగులా పరుచుకున్న కొమ్మలు, వాటి మధ్య నుంచి జల్లెడ పట్టినట్టు దిగే వెలుగు, వెనక నిండు గోదారి... కెమెరామన్‌కి ఇంకేం కావాలి?

వంతెన వచ్చింది... కెమెరా వచ్చింది!

గోదారి తీరానికి సినిమా కొత్తేం కాదు. 1936లోనే నిడమర్తి సూరయ్య రాజమండ్రిలో దుర్గా సినీటోన్ పెట్టి సినిమా తీశారు. తర్వాత పరిశ్రమ మద్రాసులో స్థిరపడినా, సెట్టింగులు మొహం మొత్తినప్పుడల్లా దర్శకులకు గోదారే గుర్తొచ్చేది. 1974లో రాజమండ్రి-కొవ్వూరు రోడ్డు కం రైలు వంతెన వచ్చాక పశ్చిమ గట్టు మరింత చేరువైంది. రాజమండ్రి హోటల్లో బస, పొద్దున్నే వంతెన దాటితే షూటింగ్! కృష్ణ ‘పాడిపంటలు’తో (1976) ఈ చెట్టు సినిమా జీవితం మొదలైందని అంటారు. ఆ తర్వాత వందల చిత్రాల్లో కనిపించిందని లెక్క చెబుతారు. దర్శకుడు వంశీకి ఈ చెట్టంటే ఎంత ఇష్టమో ఆయన అభిమానులకు తెలుసు. దీని కింద ఒక్క సీన్ తీసినా సినిమా హిట్టేనన్నది పరిశ్రమలో ఓ నమ్మకం.

ఊరంతా నటులే

కుమారదేవానిది చెట్టు కథ అయితే, ఆత్రేయపురం మండలంలోని పులిదిండిది మనుషుల కథ. బాపు తొలి చిత్రం ‘సాక్షి’ (1967) తీసింది అక్కడే. సెట్టింగుల్లేవు, తారలకు మేకప్ లేదు. ఊళ్లోవాళ్లే తెర మీద ఊరి జనమయ్యారు. హత్యను కళ్లారా చూసి సాక్ష్యం చెప్పిన పడవవాడికి ఊళ్లో ఒక్కరూ తోడు నిలవకపోవడమే ఆ కథ. అంటే, ఊరే అందులో ఓ ముఖ్య పాత్ర! అక్కడి మీసాల కృష్ణుడి గుడిలో కృష్ణ, విజయనిర్మల మీద పెళ్లి సన్నివేశం తీశారు. ఆ తర్వాత వాళ్లిద్దరూ నిజంగానే దంపతులయ్యారు. ఆ ముచ్చట గోదారి జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

తెర మీదే మిగిలిన ఊరు

అన్ని ఊళ్లూ అంత అదృష్టం చేసుకోలేదు. పాపికొండల దారిలో దేవీపట్నం మండలంలోని పూడిపల్లి కూడా షూటింగులకు పేరున్న పల్లెే. కొండ, ఏరు, పెంకుటిళ్లు... దేనికీ రంగులద్దాల్సిన పని ఉండేది కాదు. 2021లో పోలవరం దగ్గర కాఫర్ డ్యామ్ అడ్డుకట్టతో గోదారిని స్పిల్‌వే వైపు మళ్లించాక వెనక నీళ్లు ఎగదన్నాయి. ఆ తీరంలోని పల్లెలు మునిగాయి. జనం పునరావాస కాలనీలకు చేరారు. ఈ ప్రాజెక్టు కింద ఇల్లు వదలాల్సిన కుటుంబాలు సుమారు లక్ష. డెల్టా పొలాలకు నీళ్లు అవసరమే. కానీ ఆ నీళ్ల కింద కొందరి వీధి అరుగులూ, రామాలయమూ ఉన్నాయన్నదీ నిజమే. పుట్టిన ఊరిని పిల్లలకు చూపించాలంటే ఇప్పుడు వాళ్లకు మిగిలింది ఏ పాత సినిమానో!

మళ్లీ చిగురు

కుమారదేవం చెట్టుకూ గోదారే గండమైంది. ఏళ్ల తరబడి వరదలకు గట్టు కోతపడింది. వేళ్ల కింద మట్టి జారిపోయింది. చివరికి 2024 ఆగస్టులో వరద సమయంలో మహావృక్షం కూలిపోయింది. చూడ్డానికి జనం బారులు తీరారు. అయినా ఊరు ఆశ వదులుకోలేదు. రాజమహేంద్రవరం రోటరీ క్లబ్ సభ్యులు ముందుకొచ్చారు. నిపుణుల సలహాతో మొదలుకు మందులు పట్టించారు. కొద్ది వారాలకే మొదలు నుంచి పచ్చని చిగుళ్లు తొంగిచూశాయి!

2022లో జిల్లాల విభజనతో కుమారదేవం పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరికి మారింది. జిల్లా పేరేదైనా ఆ గట్టు గోదారిదే. చిగురు మానయ్యేసరికి ఒక తరం గడిచిపోతుంది. అందాకా గట్టు నిలబడాలి. రాళ్లు పేర్చి కోతను ఆపితేనే అది సాధ్యం. సీను పండాలంటే చెట్టు ఒక్కటే సరిపోదు... దాని కింద నేల కూడా ఉండాలి కదా!