సీసపు అక్షరాల తరగతి

పదహారు, పదిహేడు శతాబ్దాల ఆంగ్ల నాటకాలను పరిష్కరించదలచినవారు ముందుగా ఒకటి రెండు ఫారాలైనా స్వయంగా కంపోజు చేసి, ఆనాటి నమూనా యంత్రం మీద అచ్చు వేసి చూడాలని ఆర్. బి. మెక్‌కెరో అనే గ్రంథశాస్త్రజ్ఞుడు ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లోనే సూచించాడు. 1953లో మరో గ్రంథశాస్త్రజ్ఞుడు ఫిలిప్ గాస్కెల్ కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో బోధన కోసం అటువంటి ముద్రణశాలను నెలకొల్పగా, ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయం నేటికీ విద్యార్థుల చేత సీసపు అక్షరాలు పేర్పించి అచ్చు వేయిస్తోంది. కంప్యూటర్ తెర మీద చదువుకు అలవాటుపడి ఇంగ్లండు చేరిన తెలుగు విద్యార్థికి ఈ తరగతి మొదట కాలక్షేపంగా తోచడం సహజమే.

కంపోజింగ్ స్టిక్కు, అంటే అక్షరాలను వరుసగా నిలబెట్టే చిన్న పట్టీ, చేతికి వచ్చాక ఆ అభిప్రాయం నిలవదు. అద్దంలో బింబంలా తిరగేసి పోతపోసిన అక్షరాలను తలకిందులుగా, ఎడమ నుంచి కుడికి పేర్చవలసి వస్తుంది కనుక, ఏమరుపాటున ‘ఎన్’ తిరగబడి ‘యు’గా అచ్చవుతుంది. అచ్చు ముగిశాక అక్షరాలను తిరిగి వాటి గళ్లలో వేయడం విసుగు పుట్టించే పనే అయినా, వేళ చాలదని దాన్ని వదిలేసే శిక్షణ అసంపూర్ణం. ఒక గడిలో పడవలసినది పక్క గడిలో పడితే తరువాతి పుస్తకంలో ముద్రారాక్షసం పుడుతుందని అక్కడే బోధపడుతుంది.

షేక్స్పియర్ నాటకాల 1623 నాటి పెద్ద సంపుటి ‘ఫోలియో’ ఇందుకు మించిన పాఠం. మూడు కాగితాలను ఒకదానిలో ఒకటి మడిచిన పన్నెండు పుటల కూర్పులో ఆరు, ఏడు పుటలు ఒకే కాగితానికి ఒకే వైపున పడతాయి కనుక సాధారణంగా వాటినే ముందు కంపోజు చేశారని 1963లో పరిశోధకుడు చార్ల్‌టన్ హిన్‌మన్ నిరూపించాడు. అందుకోసం రాతప్రతిలో ఎంత భాగం ఏ పుటకు సరిపోతుందో ముందే అంచనా కట్టవలసి వచ్చేది. లెక్క తప్పిన చోట పద్యం వచనంలా ఇరుక్కుపోవడానికి కవి కారణం కాడు. కాగితం మడిచి, పుటల సంఖ్యలు వేసి, విప్పి చూసిన విద్యార్థికి దీనిపై వేరే ఉపన్యాసం అక్కరలేదు.

ఆ విద్యార్థి ఈ పాఠం పరాయి గడ్డ మీద నేర్చుకున్నట్టే, తెలుగు ముద్రణ కూడా పరాయి గడ్డ మీదే మొదలైంది. బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలు 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలేలో అచ్చయ్యాయి. గుణింతాలకూ ఒత్తులకూ వందలకొద్దీ అచ్చు అక్షరాలు కావలసిన తెలుగు లిపిని కేసు, అంటే గళ్ల పెట్టె, ముందు నిలబడి పేర్చిన కంపోజిటర్లు నేర్పగలిగిన వయసులో ఉండగానే, మిగిలిన సీసం తుక్కుకింద కరగకముందే, విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు ఒక ట్రెడిల్‌ను, అంటే కాలితో తొక్కే అచ్చుయంత్రాన్ని, కొన్ని కేసుల అక్షరాలను సేకరించి తరగతికి తేవాలి. విదేశాల్లోని తెలుగు సంఘాలు వార్షిక వేడుకల్లో ఒక పూట విందు తగ్గించుకుని ఈ ఖర్చుకు ముందుకు రావాలి.