చిట్టికి చిమ్మిలి పెట్టాలా?

చిత్తకార్తె వచ్చి నాలుగు రోజులైంది. పొద్దున్నే వంటింట్లో పాలు కాస్తుంటే హాల్లోంచి అమ్మ కేకేసింది. "ఒసేయ్, ఇటు రా. నీ కూతురు పెద్దమనిషైంది."

నాకున్నది ఒక్కడే కొడుకు. వాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాడు. కంగారుగా వెళ్లి చూస్తే గచ్చు మీద రెండు మూడు ఎర్రటి చుక్కలు. పక్కనే మా చిట్టి తన వెనక్కి తానే వింతగా చూసుకుంటూ నాక్కుంటోంది. అమ్మ అప్పటికే పాత గుడ్డముక్క తెచ్చి తుడిచేస్తోంది. "చిమ్మిలి దంచనా? పేరంటానికి ఎవరెవర్ని పిలుద్దాం?" అంటూ ఒకటే నవ్వు.

ఆ నవ్వు సాయంత్రం దాకా కూడా నిలవలేదు. పేరంటానికి పిలవకుండానే వచ్చేశారు జనం. గేటు బయట ముందు రెండు, తర్వాత నాలుగు, దీపాలు పెట్టేవేళకి తొమ్మిది మగకుక్కలు! మా తెనాలిలో ఇన్ని కుక్కలున్నాయని నాకు అప్పుడే తెలిసింది. అందులో ఒకదానికి ఎడమ చెవి కొస కత్తిరించి ఉంది. అంటే మున్సిపాలిటీ వాళ్లు పట్టుకెళ్లి కు.ని. ఆపరేషన్ చేసి వదిలిపెట్టిందన్నమాట. పాపం, అది కూడా వచ్చి పెళ్లిపందిట్లో పెద్దమనిషిలా ఓ పక్కన కూర్చుంది.

చిట్టి జాతికుక్కేమీ కాదు. తల్లి లారీ కింద పడి పోతే మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కుయ్ కుయ్‌మంటున్న నెలన్నర పిల్లని మా ఆయన చొక్కాలో పెట్టుకుని తెచ్చారు. "రెండ్రోజులుంచుదాం, ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నది అప్పటి మాట. ఇప్పుడు పధ్నాలుగు కిలోల మనిషి. మనిషే, అమ్మ అలాగే అంటుంది.

ఆ మూడు వారాలూ మేం పడ్డ పాట్లు చెబితే నవ్వుతారు. చిట్టిని బయటికి తీసుకెళ్లాలంటే డాబా మీదికే. రాత్రి పన్నెండింటికి ప్రహరీ మీద ధన్‌మని చప్పుడైతే మా ఆయన లుంగీ ఎగ్గట్టి కర్ర పుచ్చుకుని పరుగు. చుక్కలు తగ్గిపోయాయి కదా అని ఊపిరి పీల్చుకోబోతే, అసలు జాగ్రత్త అప్పుడే కావాలన్నారు డాక్టర్ గారు. రెండో వారంలో రక్తం పల్చబడ్డాకే కుక్క చూలు నిలిచే రోజులట. ఈ తంతు ఆరేడు నెలలకోసారి, అది బతికున్నన్నాళ్లూ తప్పదన్నారు.

"అయితే ఆపరేషన్ చేసేయండి డాక్టర్ గారూ" అన్నాను, జుట్టు కత్తిరించమన్నంత తేలిగ్గా.

"ఇప్పుడు చేయను. ఎదలో ఉన్నప్పుడు రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, రక్తం ఎక్కువ పోతుంది. రెండు మూడు నెలలాగి రండి."

పిల్లలు పుట్టకుండా ఇంజెక్షనేదో ఉందట కదా అని అడిగాను. ఉందనీ, దానివల్ల గర్భసంచికి చీము పట్టే ప్రమాదం పెరుగుతుందనీ, తానైతే వేయననీ చెప్పారు. ఇంటికొచ్చి అమ్మకి అంతా వివరంగా చెప్పాను. అండాశయాలు, గర్భసంచి రెండూ తీసేస్తారట, ఒక పూటలో అయిపోతుందట అని.

అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట పక్కన పెట్టింది. "వద్దు" అంది.

ఆ ఒక్క మాటే. తర్వాత రెండు రోజులు ఆ ఊసెత్తనివ్వలేదు. నేను కాస్త ఆలస్యంగానైనా అర్థం చేసుకోవాల్సింది. మా ఇంట్లో 'గర్భసంచి ఆపరేషన్' అన్నది ఉత్త మాట కాదు.

మా తమ్ముడు పుట్టిన ఏడాదికే, ఇరవై మూడేళ్లకి, అమ్మకి క్యాంపులో కు.ని. ఆపరేషన్ అయిపోయింది. 1989లో అమ్మకి ముప్పై ఒకటి. తెల్లబట్ట అవుతోందని టౌన్లో డాక్టర్ దగ్గరికెళ్తే, "తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది" అన్నారట. నాన్న సంతకం పెట్టారు. అమ్మ స్పృహలోకి వచ్చేసరికి సంచీ లేదు, దాంతోపాటు అండాశయాలూ లేవు. ముప్పై రెండో ఏట నుంచే ఒంట్లోంచి ఆవిర్లు, నిద్రపట్టని రాత్రులు, తర్వాత మోకాళ్లు, నడుము. మా ఊళ్లో అమ్మ ఒక్కతే కాదు, ఆ వీధిలో అరడజను మంది ఉండేవాళ్లు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో గర్భసంచి తీసేయించుకున్నవారు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. ఆ లెక్క చదివినప్పుడు నాకు మా వీధి అరుగులే కళ్ల ముందు కదిలాయి.

"నన్నెవరూ అడగలేదు. దాన్ని అడగడానికి దానికి నోరు లేదు" అంది అమ్మ మూడో రోజు రాత్రి.

దానికి నా దగ్గర సమాధానం లేదు. పుస్తకాలూ కంప్యూటరూ ముందేసుకుని కూర్చున్నాను. తేలికపడుతుందనుకున్న విషయం మరింత చిక్కుపడింది. మొదటి ఎదకు ముందే ఆపరేషన్ చేయిస్తే ముసలితనంలో రొమ్ముగడ్డలు రావడం బాగా తగ్గుతుందని 1969లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. దశాబ్దాల పాటు అందరూ దాన్నే చెబుతూ వచ్చారు. 2012లో ఇంగ్లండులో పాత పరిశోధనలన్నీ తిరగేసి చూసినవాళ్లు ఆ ఆధారాలు అంత గట్టివి కావన్నారు. మరుసటేడు కాలిఫోర్నియా వాళ్లు గోల్డెన్ రిట్రీవర్ల మీద లెక్కలు తీసి, ఏడాది నిండకుండా ఆపరేషన్ చేస్తే వాటిలో కీళ్ల జబ్బులు ఎక్కువయ్యాయన్నారు. చిన్నజాతి కుక్కల్లో మాత్రం ఆ తేడా కనబడలేదట. నార్వేలోనైతే సరైన కారణం లేకుండా కుక్కకి ఈ ఆపరేషన్ చేయడానికి చట్టమే ఒప్పుకోదు. కాకపోతే నార్వే వీధుల్లో గేటు ముందు తొమ్మిది కుక్కలు బారులు తీరవు. మన దేశంలో 2023 జంతు జనన నియంత్రణ నియమాలు పెంపుడు జంతువుకి టీకాలతో పాటు కు.ని. బాధ్యత కూడా యజమానిదేనన్నాయి.

ఇంతకీ, మాది వ్యవసాయం చేసిన ఇల్లు. కోడెదూడలకి విత్తులు నొక్కించేటప్పుడు మా నాన్న ఏ కోడెనూ అడిగింది లేదు. మేమెవరం దాని గురించి ఒక్క రాత్రి కూడా నిద్ర మానుకోలేదు.

పక్కింటావిడ ఇంకో సలహా ఇచ్చింది. "ఒక్క కాన్పు కానిచ్చి చేయించండి. ఆడజన్మ ఎత్తినందుకు ఆ ముచ్చటైనా తీరుతుంది." ఒక కాన్పు అయితే కుక్క ఆరోగ్యానికి మంచిదన్న మాట వట్టిదేనని డాక్టర్ గారు చెప్పారు గానీ, ముచ్చట మాట కాదనడానికి నాకు మనసొప్పలేదు. సరే, పిల్లలు పుడితే తీసుకుంటారా అని తెలిసినవాళ్లు అయిదుగుర్ని అడిగాను. అయిదుగురూ ఒకటే మాట. "మగపిల్ల ఉంటే చెప్పండి."

అలా డిసెంబరు వచ్చింది. రెండో వారంలో చిట్టి తిండి మానేసింది. అమ్మ పాత హవాయి చెప్పు, ఎడమకాలిది, నోట కరుచుకుని మంచం కిందికి పోయింది. పాత చీర ఒకటి లాక్కుపోయి పక్క చేసుకుంది. దగ్గరికెళ్తే నన్ను చూసి గుర్రుమంది, నన్ను! వంగి టార్చి వేసి చూద్దును కదా, చెప్పుని పొట్ట దగ్గరికి పొదువుకుని నాకుతోంది. చన్నులు ఉబ్బి ఉన్నాయి. ఒకదాని కొసన పాలచుక్క.

అమ్మ నా పక్కనే నేల మీద చతికిలబడి చూసింది. చాలాసేపు ఏమీ అనలేదు. "చూశావా, దానికి పిల్లలు కావాలనుంది" అంది చివరికి.

డాక్టర్ గారికి ఫోన్ చేస్తే, దీన్ని ఉత్తుత్తి చూలంటారమ్మా అన్నారు. మగకుక్కతో కలిసినా కలవకపోయినా ఆడకుక్క ఒంట్లో ఎద తర్వాత రెండు నెలలు చూలు హార్మోను ఒకేలా నడుస్తుందట. అది తగ్గగానే పాల హార్మోను లేస్తుంది. లేని పిల్లలకి తల్లవుతుంది. రెండు మూడు వారాల్లో అదే సర్దుకుంటుంది, పాలు పిండొద్దు, ఈలోపు ఆపరేషన్ మాత్రం చేయకూడదు, చేస్తే ఇది ఒకపట్టాన తగ్గదు అని చెప్పారు.

"అదంతా హార్మోనేనటమ్మా" అని అమ్మకి చెప్పాను. చెబుతూనే అనిపించింది, నా కొడుకు పుట్టినప్పుడు నాకొచ్చిన పాలు మాత్రం హార్మోను కాకపోతే ఏమిటి? అందుకని వాడు నాకు అక్కర్లేనివాడయ్యాడా? అక్కడితో నేను చేతులెత్తేశాను. ఇక చిట్టిని అలాగే ఉంచేద్దాం, ఏడాదికి రెండుసార్లు కర్ర పుచ్చుకుని కాపలా కాద్దాం అని మా ఆయనతో అనేశాను కూడా.

ఆ రాత్రి అమ్మే కదిపింది. "నీకు రాణి గుర్తుందా?"

ఎందుకు లేదు? ఊళ్లో మా కుక్క. 1987లో, నా తొమ్మిదో ఏట, దానికి అయిదు పిల్లలు పుట్టాయి. ఒకటి మగది, దాన్ని పాలు పోసే అతను పట్టుకెళ్లాడు. నాలుగు ఆడపిల్లల్నీ నాన్న గోతంలో వేసుకుని సైకిల్ మీద తీసుకెళ్లి మార్కెట్ యార్డులో వదిలి వచ్చారు. అక్కడ తిండి బాగా దొరుకుతుందని చెబితే నేనూ తమ్ముడూ నమ్మి ఊరుకున్నాం.

"మార్కెట్ యార్డూ కాదు, ఏమీ కాదు. కాలవ" అంది అమ్మ.

నేను లేచి కూర్చున్నాను.

"గోతం మూతి కట్టింది నేనే. మీ నాన్నకి చేతులాడలా. అంతకుముందు ఈత పిల్లలు రోడ్డు మీద ఒక్కోటీ ఎట్లా పోయినయ్యో చూసి, అదే నయమనుకున్నా. రాణి మూడు రోజులు పాలు గడ్డకట్టి అరిచింది. వేణ్ణీళ్ల కాపడం పెట్టింది కూడా నేనే."

మంచం కింద చిట్టి చెప్పుని నాకుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"చేయించు. కానీ నాకు చేసినట్టు కాకుండా చేయించు. నేనూ వస్తా డాక్టర్ దగ్గరికి" అంది అమ్మ.

సంక్రాంతి వెళ్లాక చిట్టి చెప్పుని వదిలేసి మామూలు మనిషైంది. మేం ముగ్గురం ఆటోలో బయల్దేరాం. డాక్టర్ గారు మా అబ్బాయి కంటే నాలుగైదేళ్లు పెద్దేమో. అమ్మ ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చుని అడగడం మొదలుపెట్టింది.

"ఎందుకు తీస్తున్నావయ్యా? తీయకపోతే ఏమవుద్ది?"

వయసు పెరిగేకొద్దీ గర్భసంచికి చీము పట్టే అవకాశం ఉందమ్మా, స్వీడన్లో ఇన్సూరెన్స్ లెక్కలు చూస్తే ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో పదేళ్లు వచ్చేలోపు నాలుగింట ఒకదానికి దగ్గరగా వచ్చింది, అది వచ్చాక చేసే ఆపరేషన్ చాలా ప్రమాదం అన్నారాయన.

"అండాశయాలు తీస్తే ఎముకలు అరగవా? ఆవిర్లు రావా? నాకు వచ్చినయ్."

ఆ ప్రశ్నకి ఆయన కాస్త ఆగారు. అమ్మని పరీక్షగా చూశారు. "కుక్కకి మనలాగా నెలసరి ఆగిపోవడం అంటూ లేదమ్మా. ముసలిదయ్యాక కూడా ఎదకొస్తూనే ఉంటుంది. ఆడవాళ్లకి వచ్చినట్టు ఆవిర్లు వస్తాయని చెప్పలేం. కానీ ఏమీ కాదని కూడా అనను. ఆకలి పెరిగి ఒళ్లొస్తుంది, తిండి తగ్గించాలి. కొన్నింటికి పెద్దయ్యాక నిద్రలో మూత్రం చుక్కలు పడుతుంది, దానికి మందుంది. కీళ్ల బాధ పెద్దజాతుల్లో ఎక్కువ, ఇది పధ్నాలుగు కిలోలే."

"నొప్పికి మందిస్తావా?"

"ఇస్తానమ్మా. ముందూ ఇస్తాను, తర్వాత ఇంటికీ ఇస్తాను."

"మత్తులో పోతే?"

"వెయ్యికి ఏ ఒకటో రెండో అలా జరగొచ్చు. రక్తపరీక్ష చేసి చూశాకే ముట్టుకుంటాను."

అమ్మ ఇంకా చాలా అడిగింది. కుట్లు ఎన్ని, ఎవరు ఎత్తుకుంటారు, మెలకువ వచ్చేసరికి పక్కన ఎవరుండొచ్చు. బయట ఇంకో నలుగురు కుక్కల్ని పట్టుకుని ఎదురుచూస్తున్నారు, నాకు మొహమాటంగా ఉంది. డాక్టర్ గారు మాత్రం విసుక్కోలేదు. చివరికి ఒప్పుదల కాగితం నా ముందు పెట్టారు. అమ్మ చెయ్యి చాచింది. "ఇటివ్వు, నేను పెడతా." కళ్లజోడు సర్దుకుని, పైనుంచి కింద దాకా చదివి, తెలుగులో వంకర్లు పోతూ పూర్తి పేరు రాసింది.

గంటంపావు పట్టింది. మధ్యలో కాంపౌండరు స్టీలు ట్రే పట్టుకొచ్చి, తీసింది చూస్తారా అన్నాడు. నేను మొహం తిప్పుకున్నాను. అమ్మ లేచి వెళ్లి చూసింది. తిరిగొచ్చి కూర్చుని, "ఇంతేనా... వేలెడంత కూడా లావు లేదు" అని, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఆ రాత్రి చిట్టి మత్తులోనే వణుకుతూ మూలిగింది. మెడకి పెట్టమని ఇచ్చిన ప్లాస్టిక్ గంప చూస్తేనే బెదిరిపోతోందని, మా అబ్బాయి చిన్నప్పటి బనీను ఒకటి వెతికి తొడిగాం. అమ్మ మోకాళ్ల నొప్పుల్ని కూడా లెక్కచేయకుండా దాని పక్కనే చాప వేసుకుంది. తెల్లవారుజామున నేను లేచి చూస్తే దాని చెవిలో ఏదో మాట్లాడుతోంది. నన్ను చూసి ఆపేసింది.

పదకొండో రోజు కుట్లు తీశారు. ఆ సాయంత్రం మంచం కింద ఊడుస్తుంటే ఎడమకాలి చెప్పు బయటపడింది. చిట్టి వాసన చూసింది. మేమిద్దరం కదలకుండా నిలబడ్డాం. అది రెండు కాళ్లతో చెప్పుని అదిమిపట్టి, పట్టీ పీకి పారేసి, నడి హాల్లో కూర్చుని నమలడం మొదలుపెట్టింది.

"ఇంక అది చెప్పేలే" అంటూ అమ్మ చీపురందుకుంది.