బస్సులో, సైకిల్ మీద, ఫ్రెంచిలోకి

ఇంగ్లీషులో 'బై' అనే మాట ఎన్ని పనులు చేస్తుందో ఎప్పుడైనా గమనించారా? పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఉన్న ఏ కంపెనీలోకైనా వెళ్ళి ఓ కాగితం చేతిలోకి తీసుకోండి. సరుకు శుక్రవారం కల్లా చేరాలంటే బై. లారీలో పంపాలంటే బై. ఫలానా వాళ్ళు తయారు చేశారంటే బై. మందు నోటి ద్వారా తీసుకోవాలన్నా బైయే. ఇంగ్లీషులో చదువుకున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. అదే కాగితం సెనెగల్‌కో ఐవరీ కోస్టుకో పోవాల్సి వచ్చి, ఫ్రెంచిలోకి మార్చడానికి కూర్చుంటే అప్పుడు మొదలవుతుంది అసలు పని.

ఫ్రెంచితో మనకేం పని అంటారేమో. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న యానాం సంగతి అలా ఉంచండి, మన సంగారెడ్డి జిల్లాలోనే ఆ పని ఉంది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ పెట్టారు కదా. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగల మీద పరిశోధన వాళ్ళ పని. నైజర్, మాలి రైతులకు జొన్న, సజ్జలు ముఖ్యమైన తిండిగింజలు. అందుకే నైజర్ రాజధాని నియామే దగ్గర సదోరేలో ఈ సంస్థకు ఇంకో కేంద్రం ఉంది. ఇక్రిశాట్ పాత సదస్సుల పుస్తకాలు తిరగేస్తే ఇంగ్లీషు సారాంశంతో పాటు ఫ్రెంచి సారాంశమూ కనిపిస్తుంది. ఇక పాశమైలారం, బొల్లారం వైపు మందుల కంపెనీలు ఎన్నున్నాయో మీకు తెలిసిందే. ఆ దేశాలకు వెళ్ళే మందు డబ్బాలో ఫ్రెంచి కరపత్రం పెట్టాలి. మాలి 2023 నాటి కొత్త రాజ్యాంగంలో ఫ్రెంచిని అధికార భాష స్థానం నుంచి తప్పించింది కానీ, పని భాషగా ఉంచుకుంది.

ఇన్నాళ్ళుగా ఈ అనువాదాలతో మెలిగాక నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటుంది. ఇంగ్లీషు 'బై'ని ఫ్రెంచిలోకి తేవాలంటే ముందు దాన్ని తెలుగులో అనుకోండి. మన విభక్తులు ఆ పనిలో సగం చేసిపెడతాయి.

ప్రయాణం సంగతే చూడండి. ఇంగ్లీషువాళ్ళకు బస్సైనా, సైకిలైనా, గుర్రమైనా అన్నిటికీ బైయే. మన ఇస్నాపూర్ చౌరస్తాలో నిలబడి పొద్దున షిఫ్టుకు వచ్చేవాళ్ళను అడగండి, ఎట్ల వచ్చినవ్ అని. ఒకాయన "బస్సుల వచ్చిన" అంటాడు. ఇంకొకాయన "సైకిల్ మీద వచ్చిన" అంటాడు. బస్సు మీద వచ్చిన అనరు, సైకిల్‌ల వచ్చిన అనరు. లోపల కూర్చునే బండికి 'లో', ఎక్కి కూర్చునేదానికి 'మీద'. ఫ్రెంచివాళ్ళు విడగొట్టేది కూడా సరిగ్గా ఇక్కడే! బస్సులో అయితే 'ఆఁ బ్యూస్', రైల్లో అయితే 'ఆఁ త్రెఁ', సైకిల్ మీద అయితే 'ఆ వెలో', గుర్రం మీద అయితే 'ఆ షవాల్'. లోపలిదానికి 'ఆఁ', పైదానికి 'ఆ'. మాట్లాడేటప్పుడు ఫ్రెంచివాళ్ళలోనూ కొందరు 'ఆఁ వెలో' అనేస్తారు, కానీ రాతలో 'ఆ' మంచిదని వాళ్ళ పంతుళ్ళు చెబుతారు. ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలు దీన్ని పట్టిక రాసుకుని బట్టీ కొడుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. వాళ్ళ అమ్మమ్మకు తెలిసిన తేడాయే కదా ఇది! (ఫ్రెంచి ముక్కు పలుకులు రాయడానికి మన అరసున్న ఎంత చక్కగా పనికొస్తుందో చూశారా? బడి పుస్తకాల్లోంచి దాదాపు పోయిన అక్షరం.)

'పార్' అనే ఫ్రెంచి మాట ఒకటుంది. నిఘంటువులో 'బై' పక్కన మొదట కనిపించేది అదే కాబట్టి, కొత్తగా నేర్చినవాళ్ళు అన్నిచోట్లా దాన్నే తగిలిస్తారు. పార్‌కు సొంత చోట్లున్నాయి. సంగారెడ్డికి రుద్రారం, కంది మీదుగా వెళ్ళామంటే ఆ 'మీదుగా'కు పార్. దొంగ కిటికీలోంచి వచ్చాడంటే ఆ 'లోంచి'కి పార్. ఎవరి చేతనో జరిగిన పనికి పార్, అందుకే 'ఫలానా వారిచే తయారు' అన్నచోట 'ఫాబ్రికే పార్'. పొరపాటున అంటే 'పార్ ఎరర్'. కానీ చేత్తో విత్తిన చేను అన్నప్పుడు పార్ రాదు, 'ఆ లా మెఁ' వస్తుంది. కిలో లెక్కన అమ్మితే 'ఓ కిలో'. రాత్రి డ్యూటీకి 'త్రవాయ్ ద న్యుయి'. మొహం మాత్రమే తెలిసిన మనిషి గురించి అయితే 'ద వ్యూ'.

కొలతల దగ్గర మాత్రం మన తెలుగు సాయం చేయదు. ముప్పై బై నలభై ప్లాటు అని మనమే ఇంగ్లీషు మాట వాడేస్తాం, ఫ్రెంచివాళ్ళు దానికి 'మీద' అనే అర్థమున్న 'స్యూర్' వాడతారు. హోటల్లో వన్ బై టూ చాయ్ అంటాం చూడండి, అదీ అంతే. అయితే ఆ చాయ్ ఇద్దరికని కదా ఉద్దేశం, ఆ 'కి'ని పట్టుకుంటే 'అఁ తే పూర్ దొ' అని వచ్చేస్తుంది.

మన తెలుగే దారి తప్పించే చోటూ ఒకటుంది, జాగ్రత్తగా వినండి. గడువు తేదీ. 'బై ఫ్రైడే'ను 'పార్ వాఁద్రెది' అని రాస్తే ఫ్రెంచివాడికి అర్థమే కాదు. తెలుగులో అనుకుందామా? పుస్తకం తెలుగులో 'శుక్రవారం కల్లా'. మన వైపు నోటి మాటలో మాత్రం "శుక్రవారం వరకు పంపిస్త" అంటాం. దక్కనీ ఉర్దూ 'తక్' కూడా అంతే, ఆలోపు అన్నా అప్పటిదాకా అన్నా ఒకటే మాట. ఈ 'వరకు'ను పట్టుకుని 'జ్యూస్కా' అని రాస్తే, శుక్రవారం దాకా రోజూ పంపుతూనే ఉంటామని అవతలివాడు అనుకుంటాడు. 'శుక్రవారం కల్లా'కు 'దిసి వాఁద్రెది' అనాలి. 'అవాఁ' అంటే శుక్రవారం రాకముందే అని. ఒప్పందంలో అయితే నేను ఈ రెండూ వాడను. 'ఓ ప్లూ తార్' అని, పక్కన తేదీ వేస్తాను. ఆలస్యమైతే ఆ రోజుకు మించరాదని దాని భావం. ఆ తేదీ కూడా గడువులోదేనని ఎవరికైనా తెలిసిపోతుంది.

అన్నిటికన్నా నేను ఎక్కువ భయపడేది అంకెల దగ్గర. వేరుశనగ దిగుబడి 20 శాతం పెరిగింది అని మనం చెప్పేటప్పుడు ఆ 20 శాతానికి ఏ ప్రత్యయమూ తగిలించం. ఇంగ్లీషులో అక్కడ బై ఉంటుంది, ఫ్రెంచిలో 'ద' ఉంటుంది. 20 శాతానికి పెరిగింది అంటే అది వేరే లెక్క. ఆ 'కి'కి ఫ్రెంచిలో 'ఆ'. ఈ 'ఆ' మన 'కి, కు'లకు చాలాచోట్ల తోబుట్టువులా కనిపిస్తుంది: గంటకు ఇన్ని కిలోమీటర్లు అంటే 'ఆ లర్', హెక్టారుకు ఇన్ని టన్నులు అంటే 'ఆ లెక్తార్'. పంట లెక్కలో ద బదులు ఆ పడితే ఓ వ్యాసం తప్పవుతుంది. అదే మందుల కరపత్రంలో పడితే? రోగి 5 మిల్లీగ్రాములు వేసుకుంటున్నాడనుకోండి. డోసు 10 పెంచాలంటే 15 అవుతుంది. డోసు 10కి పెంచాలంటే 10 దగ్గరే ఆగుతుంది. తెలుగులో ఆ తేడా అంతా ఒక్క 'కి'లో ఉంది, ఫ్రెంచిలో ఒక్క చిన్న మాటలో. నియామేలోనో మాలి రాజధాని బమాకోలోనో ఆ కాగితం చదివే నర్సమ్మకు మనల్ని అడిగే దారి లేదు. అందుకే అలాంటి వాక్యం వచ్చినప్పుడు, మూలం రాసినవాళ్ళను అడిగి ఖాయం చేసుకుని, రెండు అంకెలూ వేసేస్తాను: 'పాసే ద 5 ఆ 15', అంటే 5 నుంచి 15కు. మీరు ఈ పనిలోకి వస్తే మీరూ అలాగే చేయండి.