ఈశాన్యపు గాలి

డిసెంబరు. తెల్లవారుజామున నాలుగున్నరకు నెల్లూరులో ఆరుగురం సైకిళ్లెక్కాం. బ్రెవె, అంటే గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ రైడు, లెక్క పెట్టుకున్నాం: 200 కిలోమీటర్లు, పదమూడున్నర గంటలు. అంటే గంటకు పదిహేను చాలు. పారిస్-బ్రెస్ట్-పారిస్ రైడు వాళ్లు 90 గంటల్లో 1,200 కిలోమీటర్లు తొక్కుతారు, ఇదో లెక్కా!

సూళ్లూరుపేట వైపు వెళ్తున్నంతసేపూ గొప్పంతా మా కాళ్లదే అనుకున్నాం. కారం దోసె దగ్గర కొట్టు పెద్దాయన మా బిగుతు నిక్కర్లు చూసి, "బస్సుల్లేవా నాయనా?" అన్నాడు. నేలపట్టు చెట్ల మీద గూడబాతులు. వాటికి గడువుల్లేవు.

వెనక్కి తిరిగాక తెలిసింది, పొద్దున మమ్మల్ని తోసింది గాలేనని. ఇక వంతులు. ముందున్నవాడు గాలి మోస్తాడు, మిగతావాళ్లు మూరెడు దూరంలో నక్కుతారు. నా వంతులోనే పంక్చరు: లారీ టైరు రాల్చిన వెంట్రుకంత తీగ. నా చేతులు నల్లగా ఉన్నాయని ఒకడు అరటిపండు ఒలిచి నోట్లో పెట్టాడు. ఇంట్లో ఎప్పుడూ ఇంత మర్యాద ఎరగను.

మనుబోలు దగ్గర చీకటి పడింది. గడువు దాటింది. అందరూ ఉన్నారా అని లెక్కపెట్టాను. ఐదుగురే! గుండె జారింది. పరమానందయ్య శిష్యుణ్ని, నన్ను నేను లెక్కపెట్టుకోలేదు.