ఒప్పందాలు చదివిన టీచరమ్మ

సంక్రాంతి దాటిన తర్వాత ఓ ఉదయం సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం వెళ్లాను. దారి పొడవునా ఇంజనీరింగ్ కాలేజీల బోర్డులు. వాటిని దాటి లోపలికి పోతే ఓ సర్కారు బడి. అక్కడ సోషల్ చెప్పే టీచర్ అంతర్జాతీయ సంబంధాల్లో ఎం.ఏ. చేసింది. తర్వాత బీఈడీ పూర్తిచేసి 2024 డీఎస్సీలో ఎంపికైంది. బిడ్డ విదేశాంగ శాఖలో కొలువు చేస్తుందని ఇంట్లో ఆశపడ్డారట. ఇంత చదివి పల్లె బడికేనా అని చుట్టాలు ఇప్పటికీ అడుగుతున్నారట. ఆ చదువుకు ఇక్కడ ఏం పని పడిందో చూడాలనే వెళ్లాను.

ఏడో తరగతి గదిలో భారతదేశ పటం ముందు ఓ అమ్మాయి నిలబడి ఒడిశాలోని బలాంగీర్ మీద వేలు పెట్టింది. అది వాళ్ల జిల్లా. అమ్మానాన్నలు దగ్గర్లోని ఇటుక బట్టీలో పనిచేస్తారు. పశ్చిమ ఒడిశాలో నువాఖాయి పండగ అయ్యాక, కూలీలను కుదిర్చే సర్దార్ల దగ్గర అడ్వాన్సు తీసుకుని కుటుంబాలకు కుటుంబాలే బయల్దేరతాయి. మళ్లీ వానల ముందే ఊరు చేరేది. కూలి వెయ్యి ఇటుకలకింత అని లెక్క. ఆలుమగలకు తోడు ఓ పిల్లో పిల్లాడో ఉంటేనే జట్టు కుదిరినట్టు. పచ్చి ఇటుకలు ఆరడానికి తిప్పిపెట్టేది ఆ చిన్న చేతులే. చదువుల ఏడాది సగంలో అక్కడి బడి పోతుంది, ఇక్కడి బడిలో పేరు ఎక్కదు. ఇంట్లో మాట సంబల్‌పురి, గదిలో పాఠం తెలుగు.

టీచర్ ఓ నోట్‌బుక్ చూపించింది. పిల్లల నోట విన్న సంబల్‌పురి మాటలన్నీ తెలుగు లిపిలో రాసుకుంది. పాఠం వాటితోనే మొదలుపెడుతుంది. సాయంత్రాలు బట్టీకి వెళ్తుంది. పెద్దపిల్లను బడికి పంపితే చంటిదాన్ని ఎవరు చూస్తారని ఓ తల్లి అడిగిందట. చంటిదాన్ని అంగన్‌వాడీలో చేర్పించాకే పెద్దపిల్ల బడికొచ్చింది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఆ తల్లి అడిగినదానికి జవాబుగా ఉపన్యాసం ఇవ్వలేదు, దారి చూపించింది.

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక మీద ఎం.ఏ.లో పేజీలకు పేజీలు రాసిందామె. మన దేశం 1992లో అందులో చేరింది. అయితే బాలకార్మికుల గురించి చెప్పే 32వ అధికరణాన్ని అంచెలంచెలుగా అమలు చేస్తామని ప్రకటన జతచేసింది. బాలకార్మికుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 138, 182 ఒప్పందాలను మన దేశం 2017లో గానీ ఆమోదించలేదు. ఆ అంచెలంచెల్లో ఎన్ని బాల్యాలు గడిచిపోయాయో ఈ బట్టీల దగ్గర నిలబడితే తెలుస్తుంది.

రాజనీతి చదివినవాళ్లు ఈ రంగారెడ్డి జిల్లా పిల్లల కోసం దిగిరావడం కొత్త కాదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించిన శాంతా సిన్హా, 1987లో వెట్టి నుంచి బయటపడ్డ పిల్లలకు మూడు నెలల శిబిరం నడిపారు. 1991 నుంచి తాత పేరుతో ఉన్న ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ ద్వారా ఇక్కడి పల్లెల్లో పనిచేశారు. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలేనన్నది ఆ సంస్థ పట్టు. ఈడు మించిన పిల్లల్ని అఆల నుంచి తయారుచేసి ఈడుకు తగిన తరగతిలో కూర్చోబెట్టింది వాళ్ల బ్రిడ్జి కోర్సు. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ చెప్పేదీ ఆ పద్ధతే: వయసుకు తగిన తరగతి, వెనకబడితే ప్రత్యేక శిక్షణ.

అదే చట్టం ప్రకారం టీసీ ఆలస్యమైందని గానీ, వయసు రుజువు లేదని గానీ, ఏడాది మధ్యలో వచ్చారని గానీ పిల్లల్ని వెనక్కి పంపకూడదు. ఈ సంగతి బట్టీ దగ్గర ఎవరికీ తెలియదు. మీ ఊరి పక్కన బట్టీ ఉంటే ఓసారి వెళ్లి చూడండి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు కనిపిస్తే దగ్గరి బడి హెడ్‌మాస్టర్‌కు చెప్పండి. పని చేయిస్తున్నారనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.