బంగారులేడియు దంతపుబెట్టెయు



మావారి బడికి సెలవులు వచ్చినంతనే అమ్మాయిని వెంటబెట్టుకొని ఖమ్మమునుండి భద్రాచలము పోయితిమి. కొత్తగూడెము, పాల్వంచ గడచిన పిమ్మట దారికిరువైపుల అడవియే. గోదావరి వంతెన దాటి, ఆ రాత్రి మా మేనత్తగారింట బస చేసితిమి.

వారింట తరతరములుగా వచ్చుచున్న విశాఖపట్టణపు పెట్టె యొకటి కలదు. చందనపుచెక్కపై పలుచని దంతపురేకులు తాపి, వానిపై సన్నని మొనతో బొమ్మలు గీసి, గీతలలో నల్లని లక్క నింపినారు. మూతపై శ్రీరామపట్టాభిషేకము! 18వ శతాబ్దమునుండి విశాఖ పనివారు ఈ విద్యకు ప్రసిద్ధులు. ఆంగ్లదొరలు కోరి చేయించుకొనెడివారు. ఐరోపాలోని ఫ్లాండర్సు సీమలోను శిల్పులు దంతముపై క్రీస్తుకథలను చెక్కిరి. 17వ శతాబ్దమున, రూబెన్సు అను చిత్రకారుని శిష్యుడగు లూకాస్ ఫైదెర్బు దంతశిల్పమున పేరొందెను. కొలిచెడి దైవము వేరైనను, దంతమిచ్చినది ఏనుగే.

"అమ్మా, ఇట్టిది నాకొకటి కొనిపెట్టవా?" అని అమ్మాయి యడిగెను. చిన్ననాడు నేనును ఆ పెట్టెకొరకే అత్తయ్యయెదుట ఏడ్చితిని. కావున కాదనుటకు నోరాడలేదు.

మరునాడు స్వామిని సేవించితిమి. తానీషా యేలుబడిలో కంచర్ల గోపన్న కట్టించిన కోవెల యిది. సీతమ్మ స్వామి యెడమతొడపై నున్నది. స్వామికి నాలుగు చేతులు. శంఖము కుడివైపునను, చక్రము ఎడమవైపునను గలవు. "పెట్టెమీది రామునికి రెండే చేతులు కదా!" అని అమ్మాయి ఆశ్చర్యపడెను.

అచ్చటినుండి సుమారు 35 కిలోమీటర్ల దూరముననున్న పర్ణశాలకు పోయితిమి. సీతమ్మ చీర లారవేసినదని చెప్పెడి రాళ్ళను చూచి, వాగొడ్డున కూర్చుంటిమి. మారీచుడు బంగారులేడియై వచ్చినది ఇచ్చటనే యని పెద్దలందురు. ఆ కథ చెప్పుచు, లేడి ప్రాణముతో చిక్కనిచో చర్మమైనను కావలెనని సీతమ్మ కోరిన ఘట్టమున నేను ఆగిపోతిని.

"మరి ఏనుగు దంతము నెట్లు తీయుదురమ్మా?" అని అమ్మాయి యడిగెను.

దంతపు మొదలు పుఱ్ఱెలో నాటుకొని యుండుననియు, మొత్తము దంతమునకై ఏనుగును చంపెడివారనియు చెప్పితిని. అందుచేతనే 1986లో మనదేశపు ఏనుగుదంతముల వ్యాపారమును, 1991లో ఆఫ్రికా దంతపు వ్యాపారమును చట్టముచే నిషేధించిరని తెలిపితిని.

పిల్ల చాలసేపు మాటాడలేదు. పిదప, "ఐనచో ఆ పెట్టెను పారవేయవలెనా?" అనెను.

"వలదు తల్లీ! దానిని పారవేసినంతమాత్రాన ఏనుగు బ్రదికి రాదు. పనివాని నేర్పును పోవును. ఉన్నదానిని భద్రముగా చూచుకొందము. మరియొకటి కోరకుందము" అంటిని. ఆ మాట పిల్లకే కాదు, నాకును చెప్పుకొన్నట్లయినది.

తిరిగి వచ్చుచు సంతలో చిన్న వెదురుపెట్టె కొంటిమి. అమ్మాయి గాజులిప్పుడు అందులోనే యున్నవి.